నలభై నాలుగు కుట్లు

డయాలసిస్ గదిలో చలి ఎక్కువ. నరసరావుపేట రోడ్లమీద తారు మెత్తబడే ఎండల్లో కూడా ఆ గదిలోకి అడుగుపెడితే చెమట ఆరిపోయి వీపు జివ్వుమనేది. మిషన్లు వేడెక్కకూడదని అక్కడ ఏసీ ఆపరు. మంచాలమీద పడుకున్నవాళ్ళకి ఆ చలి ఇంకో రకంగా ఉంటుంది. ఒంట్లోని రక్తం గొట్టంలోంచి బయటికి వెళ్ళి, మిషన్లో తిరిగి, కొంత చల్లబడి వెనక్కి వస్తుంది. చలి తనకు చర్మంమీద కాదు, ఎముకల్లో మొదలవుతుందని నా భార్య చెప్పేది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చే తెల్లదుప్పటి పల్చన. మేము ఇంటినుంచి పట్టుకెళ్ళిన రగ్గు గరుకు. జబ్బు వల్ల ఆమె ఒళ్ళు పొడిబారి ఎప్పుడూ దురదగా ఉండేది, రగ్గు తగిలితే మెడా భుజాలూ ఎర్రగా గీరుకునేది. అందుకని మెత్తటి ఊలు దుప్పటి కావాలనుకుంది. కొనుక్కుందామంటే ఒప్పుకోలేదు. ఇంట్లో ఊలు ఉంది కదా, అల్లుకుంటానంది.

ఊలు నిజంగానే ఉంది. ఆమె పెళ్ళికి ముందు క్రైస్తవ మిషనరీల హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి వార్డెనమ్మ సాయంత్రాలు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అల్లిక నేర్పేదట. రాజుపాలెం దగ్గర మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, తర్వాత పేటకి వచ్చాకా, మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆమె అల్లిన టోపీ, మేజోళ్ళు, చిన్న స్వెటరు వెళ్ళేవి. మన ఎండలకి ఊలెందుకమ్మా అని నవ్వినవాళ్ళే, కోడలికి నెలలు నిండుతున్నాయని ముందుగా వచ్చి చెప్పిపోయేవాళ్ళు. మాకు పిల్లలు లేరు. ఆమె అల్లినవన్నీ ఇతరుల ఇళ్ళకి పోయేవి, మిగిలిన ఊలు మాత్రం మా ఇంట్లో ఉండేది. బియ్యం సంచిలో ఉండలు ఉండలుగా దాచేది. నిమ్మకాయంత ఉండ నుంచి కొబ్బరికాయంత ఉండ దాకా ఉన్నాయి. ఏ రంగు ఏ ఇంటి బిడ్డదో ఆమెకు గుర్తే. "ఈ పచ్చది ఆటో ఆయన రెండో పిల్లది. ఈ పిల్లే ఇప్పుడు ఇంటర్ చదువుతంది," అనేది ఉండని చేతిలో తిప్పుతూ.

దుప్పటిని ఒకే ముక్కగా అల్లడానికి మా ఇంట్లో ఉన్న సూదులు చాలవు. అందుకని జానెడు వెడల్పున పొడుగాటి పట్టీలు అల్లి, ఆఖర్న పక్కపక్కన కుట్టాలని అనుకుంది. ఒక్కో పట్టీకి సూదిమీద నలభై కుట్లు ఎక్కించాలి. పొడుగు మంచమంత. ఒక ఉండ అయిపోతే ఇంకో రంగు ముడివేయడమే. అలాంటివి ఎనిమిది పట్టీలు కావాలి. ఈ లెక్క వేసి ఇచ్చింది నేనే. సంచిలోని ఊలు సరిపోతుందా లేదా అనేది కూడా తూచి చెప్పాను. లెక్కలు నా వృత్తి. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను, మిగతాదంతా పనిలో పట్టుకున్నదే. పేట శివారులో ఒక కోల్డ్ స్టోరేజీలో మిరప టిక్కీలు లెక్కబెట్టడం నా పని. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన పెద్ద గోనెబస్తా. హమాలీలు వీపులమీద మోసుకుంటూ లోపలికి వెళ్తుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి, రైతుకీ హమాలీలకీ వినబడేలా గట్టిగా లెక్క చెబుతాను.

ఆమె నాలుగు పట్టీలు తన చేత్తో అల్లింది. అప్పటికి డయాలసిస్ మెడ దగ్గరి గొట్టంతో జరుగుతుండేది. తర్వాత ఎడమచేతి మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు, ఇకమీద సూదులు అక్కడే గుచ్చడానికి. ఆ ఆపరేషన్ అయ్యాక ఎడమచెయ్యి చల్లబడింది. చిటికెనవేలూ ఉంగరపువేలూ మొద్దుబారాయి. ఊలు ఆ వేళ్ళమధ్య నిలిచేది కాదు, సూది జారి ఒళ్ళో పడేది. కొందరికి ఇలా అవుతుందనీ, చేతికి రావలసిన రక్తం దారిమళ్ళడం వల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయనీ డాక్టరు చెప్పాడు. సరిచేయాలంటే మళ్ళీ ఆపరేషన్, అది ఆమె గుండె తట్టుకోదు. "ఆ వేళ్ళమీద ఆశ పెట్టుకుని లాభం లేదండీ," అన్నాడు మామూలుగానే.

ఇంటికొచ్చాక ఆమె ఐదో పట్టీకి కుట్లు ఎక్కించబోయింది. నాలుగైదుసార్లు ప్రయత్నించింది. తర్వాత సూదులూ ఉండా నా ఒళ్ళో పడేసింది.

"నువ్వు అల్లు."

"నేనా? ఏందే, నీకు తమాషాగా ఉందా?"

"తమాషా ఏముంది? నాకు చలేస్తంది. సగం దుప్పటి సగం మనిషికే వస్తది. ఏ సగం కప్పుకోవాలో నువ్వే లెక్కేసి చెప్పు."

కుడిచేత్తో చూపించింది. సూది దూర్చు, ఊలు చుట్టు, లాగు, వదులు. నాలుగు పనులే. రెండుమూడు రోజులు నా అల్లిక గోనెసంచి మూతికట్టులా బిగుసుకుపోయేది. "ఊలు అది. టిక్కీ కాదు. ఊపిరాడనియ్యి దాన్ని," అనేది. తర్వాత కొంచెం కొంచెంగా చెయ్యి తిరిగింది.

డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు నాలుగు గంటలు ఊరికే కూర్చోవాలి. అక్కడికే సంచి పట్టుకెళ్ళి ఆమె మంచం పక్కన స్టూలుమీద కూర్చుని అల్లేవాణ్ణి. పక్కమంచంమీద వెల్దుర్తి వైపునుంచి వచ్చే ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండేవాడు. ఆయనకి తోడుగా వచ్చే ముసలావిడ, ఆయన భార్య, మాత్రం మెలకువగానే ఉండేది. నా భార్య ఆమెని పెద్దమ్మా అని పిలిచేది. మీసాలున్న మనిషి ఊలు అల్లడం ఆమె అదే మొదటిసారి చూడటమట.

"ఏం తమ్ముడూ, ఎన్నో నెల?" అని అడిగింది మొదటిరోజే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఆయనకి కాదు పెద్దమ్మా, నాకే," అంది నా భార్య గొట్టాలు కదలకుండా. "ఇంత ముసలి బిడ్డని నేనే."

ఆ గదిలో నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు. ఎక్కడో ఒక మిషను కూసేది, టెక్నీషియన్ పిల్ల పరుగెత్తేది. ఒక్కోవారం ఒక మంచం ఖాళీగా కనబడేది. తర్వాతి వారం ఆ మంచంమీద ఇంకెవరో ఉండేవాళ్ళు. వెనకటాయన ఏమయ్యాడని ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు.

నేను రెండు పట్టీలు పూర్తిచేశాను. మూడోదానికి కుట్లు ఎక్కించాక, ఒకరోజు ఇంట్లో ఆమె పట్టీలన్నీ మంచంమీద పక్కపక్కన పరిపించింది. తనవి నాలుగూ ఒకే వెడల్పున ఉన్నాయి. నావి రెండూ వాటికంటే బొటనవేలంత వెడల్పు ఎక్కువ.

"ఎన్ని కుట్లేశావయ్యా?"

"నలభై."

"నలభై కాదు ఇయ్యి."

"నలభయ్యే. లెక్క నాకు నేర్పుతావా?"

సూదిమీద ఉన్న మూడో పట్టీ తీసి ఆమె ముందే గట్టిగా లెక్కపెట్టాను. నలభై వచ్చింది. అల్లిక వదులైతే వెడల్పు పెరుగుతుందేమో అన్నాను. ఆమె పట్టీ లాక్కుని పెదవులు కదపకుండా కుడిచేతి వేలితో ఒక్కో కుట్టూ తాకుతూ పోయింది.

"నలభై నాలుగు."

మళ్ళీ నేను లెక్కపెట్టాను. నలభై. ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. నలభై నాలుగు. నాకు నిజంగానే కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా గుమ్మం దగ్గర నిలబడి లెక్క చెబుతున్నవాణ్ణి, నలభై కుట్ల దగ్గర తప్పిపోతానా? మందుల వల్ల ఆమె చూపు మసకబారిందేమోనన్న అనుమానం కూడా వచ్చింది, పైకి అనలేదు. మర్నాడు ఆసుపత్రికి పట్టీని సూదితో సహా తీసుకెళ్ళాం. వెల్దుర్తి పెద్దమ్మ చేతిలో పెట్టి లెక్కపెట్టమంది నా భార్య.

పెద్దమ్మ ఐదేసి కుట్లు పక్కకి జరుపుకుంటూ లెక్కపెట్టింది. "ఎనిమిది అయిదులు నలభై. పైన నాలుగు. ఏం తమ్ముడూ, మీ స్టోరేజీలో కూడా ఇట్టానే నాలుగు మింగుతారా?"

"ఇప్పుడు నువ్వు లెక్కెయ్," అంది నా భార్య నాతో. "పైకే లెక్కెయ్. నేను నీ వేలు చూస్తా."

గుమ్మం దగ్గర చెప్పినట్టే మొదలుపెట్టాను. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి...

"ఆగు!" అంది.

అప్పుడు నా వేలివైపు చూసుకున్నాను. అది ఎనిమిదో కుట్టుమీద ఉంది.

సరుకు దగ్గర ఏడు అనకూడదు. ఏడు అంటే అంకె ఒక్కటే కాదు, ఏడవమనడం కూడా. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటికి బదులు లాభం అంటారు, ఏడుకు బదులు ఆరున్నొకటి అంటారు. పదిహేడు దగ్గర పదహారున్నొకటి. మా నాన్న అలాగే కొలిచేవాడు, నేను టిక్కీల దగ్గర అలాగే చెప్పేవాణ్ణి. అక్కడ అది ఎప్పుడూ తప్పు పోలేదు. హమాలీ అడుగు పడ్డాకే నా నోట అంకె వచ్చేది, ఆ మాట ఎంత పొడుగైనా గుమ్మం దాటే బస్తా ఒక్కటే. ఇక్కడ నోటివెనక వేలు నడుస్తోంది. ఆరున్న అన్నప్పుడు ఒక కుట్టు, ఒకటి అన్నప్పుడు ఇంకో కుట్టు. ఏడు దగ్గర ఒకటి, పదిహేడు దగ్గర ఒకటి, ఇరవై ఏడు దగ్గర ఒకటి, ముప్ఫై ఏడు దగ్గర ఒకటి, మొత్తం నాలుగు. కుట్లు ఎక్కించేటప్పుడూ అదే తప్పు, సరిచూసుకునేటప్పుడూ అదే తప్పు. అందుకే ఎన్నిసార్లు చూసుకున్నా నలభయ్యే వచ్చింది.

పెద్దమ్మకి విషయం అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా భార్య కూడా నవ్వింది, నవ్వుతుంటే దగ్గు వచ్చింది, దగ్గుకి మిషను కూసింది. టెక్నీషియన్ వచ్చి గొట్టం సరిచేసి కదలొద్దని కసిరి వెళ్ళింది.

నవ్వు ఆగాక ఆమె అడిగింది. "ఏడు అనలేవా?"

"అలవాటు లేదు."

"ఇక్కడ సరుకేముంది? ఊలేగా. అను ఒకసారి."

నోరు తెరిచాను. అటు పెద్దమ్మ భర్త కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇటు ఈమె చేతిలోంచి రెండు ఎర్రటి గొట్టాలు మిషనులోకి వెళ్తున్నాయి. ఆ మంచాలమధ్య కూర్చుని ఆ మాట నావల్ల కాలేదు. నిజం చెప్పాలంటే, ఆరున్నొకటి అనే అలవాటుని నేను ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ నమ్మలేదు. నమ్మింది ఆ స్టూలుమీద కూర్చున్నప్పుడే.

ఆమె నన్ను కాసేపు చూసి ముఖం పైకి తిప్పుకుంది. "సర్లే. నేనంటా, నువ్వు ఎక్కించు."

మూడో పట్టీని విప్పాను. ఆమె సీలింగువైపు చూస్తూ, ఒక్కో అంకె మధ్య నాకు టైమిస్తూ, ఒకటి, రెండు అని చెప్పింది. ఏడు అన్నప్పుడు గొంతు తగ్గించలేదు. పదిహేడు, ఇరవై ఏడు, ముప్ఫై ఏడు, అన్నీ మామూలు అంకెల్లాగే అనేసింది. మొదటి రెండు పట్టీలు కూడా విప్పి మళ్ళీ అల్లుతానంటే ఒప్పుకోలేదు.

"ఎన్నాళ్ళుంటాననుకున్నావు? అయి ఉండనియ్యి. అటొకటి ఇటొకటి అంచులకి పెడదాం. మంచం పక్కకి వేలాడేది కాస్త ఎక్కువుంటే నష్టం లేదు."

ఆ మాట అంత తేలిగ్గా అనేసింది. నేను తల వంచుకుని అల్లుతూ ఉండిపోయాను.

మిగిలిన పట్టీలు కూడా అయ్యాయి. కుట్టడం ఆమే చేసింది. నేను రెండు పట్టీల అంచులూ కలిపి పట్టుకుంటే, ఆమె కుడిచేత్తో దబ్బనం లాంటి పెద్ద సూది దూర్చి లాగేది. కొంచెంసేపు కుట్టి ఆయాసపడేది. నీళ్ళు తాగకూడదు. రోజుకింత అని డాక్టరు కొలత పెట్టాడు, ఎండాకాలం కావడంతో ఆ కొలత మధ్యాహ్నానికే అయిపోయేది. గొంతెండిపోతే తడిగుడ్డ పెదవులమీద అద్దుకుని మళ్ళీ సూది అందుకునేది. దుప్పటి పూర్తయిన రోజు దాన్ని పరిచి చూసి, "చానా రంగులు పడ్డయ్. సంతలో గుడారంలాగా ఉంది," అంది.

కొన్ని వారాలు ఆ దుప్పటి ఆమెకి బాగా పనికొచ్చింది. గడ్డం దాకా కప్పుకుని, గొట్టాలున్న చెయ్యి ఒక్కటే బయటపెట్టి నిద్రపోయేది. దురద లేదంది. ముసలావిడ వచ్చి అంచు పట్టుకుని చూసి, "ఇది ఎవరి పిల్లది? ఇది?" అని రంగు రంగుకీ అడిగేది. ఈమె చెప్పేది. నేను స్టూలుమీద చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. చాలారోజుల తర్వాత నాకూ కాస్త నిద్ర పట్టింది ఆ స్టూలుమీద.

తర్వాత ఒంట్లో నీరు నిలవడం ఎక్కువైంది. డయాలసిస్‌కి ముందు తూకం వేసినప్పుడల్లా అంకె పెరుగుతూ వచ్చింది. గుండె బలహీనపడిందని, మిషను తీయగలిగినంత నీటిని తీసే లోపలే బీపీ పడిపోతోందని డాక్టరు చెప్పాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, మంచం తలవైపు ఎత్తిపెట్టేవారు. ఒకరోజు దుప్పటి కప్పిన కాసేపటికే కుడిచేత్తో దాన్ని కిందికి తోసింది.

"ఏమే, చలి లేదా?"

"చలుంది. బరువుగా ఉంది."

తీసేశాను. ఒళ్ళంతా వణకడం మొదలైంది. మళ్ళీ కప్పాను. ఛాతీమీద దుప్పటి పడగానే నోరు తెరిచి గాలికోసం వెతుక్కుంది. ఆసుపత్రి దుప్పటి కప్పితే పళ్ళు కొట్టుకున్నాయి. సాయంత్రం పనికి వెళ్ళినప్పుడు దుప్పటిని స్టోరేజీకి తీసుకెళ్ళి, మిరప శాంపిళ్ళు తూచే కాటామీద పెట్టాను. కిలోన్నర దాటి కొంచెం మొగ్గింది. అంతే. ఒక చంటిబిడ్డ పుట్టినప్పుడు ఉండే బరువుకి సగం. కాటా తప్పేమోనని తూకపు రాళ్ళు పెట్టి చూశాను. కాటా సరిగానే ఉంది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. కాళ్ళమీద, నడుందాకా దుప్పటి మామూలుగానే కప్పాను. ఛాతీ దగ్గర మాత్రం పై అంచుని రెండు చేతులతో పట్టుకుని, ఆమె ఒంటికి ఆనకుండా జానెడు పైకి ఎత్తిపట్టుకున్నాను. కింద గాలి నిలిచింది, వెచ్చగానే ఉందంది. వణుకు తగ్గింది, ఊపిరి కూడా ఆడింది. చేతులు లాగుతున్నప్పుడు మోచేతులు మంచం కడ్డీమీద ఆనించుకున్నాను.

పెద్దమ్మ కాసేపు చూసి తన స్టూలు అటువైపుకి జరుపుకుంది. "అటు కొస నాకియ్యి తమ్ముడూ," అంది. ఆ రోజు ఆవిడ వేళాకోళం ఆడలేదు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని కూర్చున్నాం. మధ్యలో నా భార్య కళ్ళు తెరిచి, మా ఇద్దర్నీ చూసి, "శామియానా ఏశారా నాకు?" అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత కూడా కొన్నిసార్లు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఒక ఆదివారం, ప్రార్థనకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే వేళకి, ఇంట్లోనే మంచం తలవైపు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉండగా పోయింది.

పెట్టె తెచ్చారు. లోపల తెల్లగుడ్డ పరిచి ఆమెని పడుకోబెట్టారు. ఆమె అక్క, అంటే నాకు వదిన, గూట్లోంచి ఆ ఊలు దుప్పటి తీసుకొచ్చి మడత విప్పింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు దాన్ని చూసి ఏడ్చారు. వాళ్ళ బిడ్డల రంగులు వాళ్ళు గుర్తుపట్టారు. వదిన దుప్పటిని ఆమె పాదాలనుంచి గడ్డం దాకా కప్పి, అంచులు లోపలికి మడిచింది. నాలుగు కుట్లు ఎక్కువైన రెండు పట్టీలూ పక్కల్లోకి దిగి సరిగ్గా ఇమిడాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతున్నారు.

నేను లేచి వెళ్ళి దుప్పటి తీసేశాను.

"అదేందయ్యా!" అంది వదిన. "దాని చేత్తో అల్లుకున్నది. దాంతోనే పోనియ్యి."

"బరువే వదినా," అన్నాను. "ఛాతీమీద బరువు పడితే దానికి ఆయాసం."

వదిన నా ముఖంవైపు చూసింది, పెట్టెవైపు చూసింది. లోపలికి వెళ్ళి పల్చటి నేత చీర ఒకటి తెచ్చి కప్పింది. నేను దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని పెట్టె పక్కనే నిలబడ్డాను. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు.